ఏబదిమందిలో ఒక్కడు

హైదరాబాదు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. ఉదయం తలుపులు తీసే వేళకు ముందే యువతీయువకులు అక్కడకు చేరుకొంటారు. కుర్చీ దొరికినవారు లోపల కూర్చుంటారు. దొరకనివారు ఆవరణలో నీడ ఎక్కడ ఉంటే అక్కడ చతికిలబడతారు. అందరి చేతులలోను పుస్తకాలే. కాని వాటిలో కథల పుస్తకం కనిపించడం బహు అరుదు. రాజ్యాంగం, భూగోళం, ఆర్థిక సర్వే, తెలంగాణ ఉద్యమ చరిత్ర, వెనుకటి సంవత్సరాల ప్రశ్నపత్రాలు, ఇవి వారికి నిత్యపారాయణ గ్రంథాలు. అక్కడికి కాలినడక దూరంలోనే అశోక్‌నగర్. ఆ పేట నిండ పోటీపరీక్షల శిక్షణాలయాలు, హాస్టళ్లు, జెరాక్సు దుకాణాలు, నెలకింత అని కుర్చీ అద్దెకిచ్చే చదువుగదులు, సాయంకాలమయ్యేసరికి రోడ్డు వారగా నిలిచే టిఫిను బండ్లు. జిల్లాలనుండి వచ్చిన బిడ్డలు అక్కడ ఒక సంవత్సరం ఉందామని వచ్చి నాలుగైదు సంవత్సరాలు ఉండిపోవడం కద్దు.

ఆ చిక్కడపల్లిలోనే త్యాగరాయ గానసభ ఉన్నది. సాయంకాలాలలో అక్కడ సాహిత్యసభలు జరుగుతవి, పుస్తకాలు ఆవిష్కరింపబడతవి, శాలువలు కప్పబడతవి. గానసభలో కథల పుస్తకం వెలువడుతున్న వేళకే, ఆ కథలలోనికి ఎక్కదగిన మనుష్యులు వందలకొలది గ్రంథాలయంలో తలలు వంచి చదువుకొంటూ ఉంటారు. ఈ రెండు వర్గాలవారు ఒకరినొకరు ఎరిగిన జాడ అంతగా కనిపించదు.

కథ వ్రాయవలెనన్న కోరిక గల విద్యార్థులు ఈ పేటలలో లేకపోలేదు. తెలుగు పంతులుగారు కథ వ్రాసుకొని రమ్మంటే, కంటి ఎదుట ఉన్న ఈ యువకులను గూర్చియే వ్రాయబూనడం సహజం. అట్టి కథ సామాన్యంగా ఈ రీతిని నడుస్తుంది. ఒక ఊరిలో ఒక పేద రైతు. అతనికి ఒక కొడుకు. కొడుకు పట్నం వచ్చి పగలనక రేయనక చదివినాడు. పరీక్ష రద్దయినది. అతడు క్రుంగిపోయినాడు. ఒక మిత్రుడు ధైర్యం చెప్పినాడు. మరల చదివి ఉద్యోగం సంపాదించినాడు. నీతి: కృషితో నాస్తి దుర్భిక్షం.

ఇందులో అబద్ధమనదగిన మాట ఒక్కటి లేదు. అయినను చదివినవానికి ఎవరూ కనిపించరు. ఆ రైతు ఏ ఊరి రైతైనా కావచ్చును. ఆ కొడుకు ఎవరి కొడుకైనా కావచ్చును. అక్షరదోషాలు లేకుండ, వాక్యాలు చక్కగా కూర్చి, పదికి తొమ్మిది మార్కులు పొందిన కథ కూడ ఇట్లా ప్రాణం లేకుండ పడి ఉండవచ్చును. ప్రాణం ఎక్కడ తప్పిపోయినది?

పత్రికావార్తకు, కథకు గల భేదం గమనిస్తే కొంత తెలుస్తుంది. తెలంగాణలో 2022 అక్టోబరు 16వ తేదీన గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కినవని తేలడంతో 2023 మార్చి 17న దానిని రద్దుచేశారు. అదే సంవత్సరం జూన్ 11న మరల పెట్టినారు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దుచేసినది. చివరకు 2024 జూన్ 9న మూడవసారి వ్రాయించారు. ఇది వార్త. తేదీలు ఉన్నవి, కారణాలు ఉన్నవి, దీనిలో లోపమేమీ లేదు. కాని మార్చి 17వ తేదీ సాయంకాలం అశోక్‌నగర్‌లోని ఒకానొక గదిలో ఒకానొక యువకుడు ఏమి చేసినాడు? అన్నం తిన్నాడా? ఇంటికి ఫోను చేసినాడా? పుస్తకం మూసినాడా, లేక మూయడానికి కూడ మనసు రాక తెరచిన పుటనే చూస్తూ కూర్చున్నాడా? వార్త ఈ ప్రశ్నలు వేయదు. వేయనక్కరలేదు. కథకునికి మాత్రం ఇవి తప్ప మరొక పని లేదు.

ఫ్రాన్సు దేశంలో గీ డి మొపాసాకు కథావిద్య నేర్పిన గురువు గుస్తావ్ ఫ్లోబేర్. శిష్యుడు 7 సంవత్సరాలు పద్యాలు, కథలు, నాటకం కూడ వ్రాసి తెచ్చి చూపేవాడు. గురువు ఓపికతో చదివి తన అభిప్రాయం చెప్పేవాడు. ఆనాటి వ్రాతలలో తుదకు మిగిలినదేమీ లేదని 1888లో తన నవలకు వ్రాసుకొన్న పీఠికలో మొపాసాయే చెప్పుకొన్నాడు. 1880లో "బూల్ ద స్వీఫ్" కథ అచ్చయిన నాటికి గాని ఆయన పేరు లోకానికి తెలియలేదు. ఆ పీఠికలోనే గురువు పెట్టిన ఒక అభ్యాసం ఉన్నది. దుకాణం గుమ్మంలో కూర్చున్న ఒక పచారీ వర్తకుని చూడుము. అతనిని మరొక వర్తకుడని ఎవరూ పొరబడకుండ వర్ణించుము. బాడుగబండికి కట్టిన ఒక గుర్రాన్ని చూడుము. దాని ముందు వెనుకల ఉన్న 50 గుర్రాలలో ఏ ఒక్కదానిని అది పోలి ఉండలేదని ఒక్కమాటతో తెలియజెప్పుము. స్థూలంగా ఇదీ ఆ పాఠం.

ఈ అభ్యాసానికి అశోక్‌నగర్‌ను మించిన పాఠశాల దొరకదు. ఆ వీధిలో సాయంకాలం టీకొట్టు వద్ద 50 మంది యువకులు నిలుచుంటారు. వయస్సు ఇంచుమించు ఒకటే. వీపున సంచి ఒకటే. చంకలోని పుస్తకం కూడ ఒకటే. "వారిలో ఒకడు పేదవాడు, దిగులుగా ఉన్నాడు" అని వ్రాస్తే 50 మందీ చెయ్యెత్తుతారు. ఆ ఒక్కడే చెయ్యెత్తవలెనంటే ఏమని వ్రాయాలి?

ఒక యువకుడు రద్దయిన పరీక్ష హాల్‌టికెట్టును పారవేయక చదివే పుస్తకంలో గుర్తుకాగితంగా పెట్టుకొన్నాడని అనుకోవచ్చును. ఇది చిన్న విషయం. కాని ఇప్పుడతడు మిగిలిన 49 మందినుండి ఒక అడుగు ఇవతలకు వచ్చి నిలిచినాడు. వెంటనే పాఠకునికి ప్రశ్న పుడుతుంది: ఎందుకు దాచినాడు? ఏ కాగితమూ వృథా చేయని పొదుపరితనమా? మరల అదే నంబరు కలిసివస్తుందన్న నమ్మకమా? తనకు జరిగిన అన్యాయాన్ని ప్రతిదినం ఒకసారి కంటితో చూచుకోవలెనన్న పట్టుదలా? ఈ మూడింటిలో ఏది నిజమైతే అతడు ఆ మనిషి అవుతాడు. మూడు జవాబులకు మూడు కథలు. కథకునికి జవాబు తెలిసి ఉండవలె. దానిని వాక్యంగా వ్రాయనక్కరలేదు గాని, తెలియకుండ మాత్రం కలం కదపరాదు.

ఈ యువకునికి ఊరినుండి తల్లి ప్రతి రాత్రి ఫోను చేస్తుంది. పరీక్ష రద్దయిన రాత్రి కూడ చేసింది. పూర్వమైతే పట్నం కబురు పల్లెకు చేరడానికి రెండు దినాలు పట్టేది; నేడు కొడుకుకంటె ముందే తల్లికి తెలిసిపోతుంది. ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునని కొడుకుకూ తెలుసు. అయినను ఆమె అడిగిన మాట ఒక్కటే.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే అమ్మా."

"ఏం కూర?"

అతడు తినలేదు. కాబట్టి కూర పేరు వెంటనే తోచలేదు. ఆ క్షణమాత్రపు మౌనంలో తల్లికి సర్వం అర్థమైనది. "సరే, పండుకో" అని ఆమె ఫోను పెట్టివేసింది.

ఇంతకంటె ఏమీ జరుగలేదు. పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. కన్నీటిబొట్టు ఒక్కటి రాలలేదు. ఒకరు బాధపడకూడదని మరొకరు, ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరూ దాచుకొన్నారు. ఇక్కడ కథ ఉన్నది. "పేదరికం వారిని వేధించినది, అతని హృదయం తల్లడిల్లినది" అని పుటలకొలది వ్రాసినా ఆ "ఏం కూర?" అన్న ప్రశ్నతో సరితూగదు. ఏలయన, హృదయం తల్లడిల్లినదని రచయిత చెబితే పాఠకుడు నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. జవాబు చెప్పబోయి తడబడిన కొడుకును అతడు స్వయంగా పట్టుకొంటాడు.

పై సంభాషణను ఒక విద్యార్థి వ్రాసి తెస్తే, మన పాఠశాలలలో చాలచోట్ల ఎఱ్ఱసిరా దానిమీద ప్రవహిస్తుంది. "తిన్నవా" కొట్టివేసి "తిన్నావా" అని, "తిన్ననే" కొట్టివేసి "తిన్నాను" అని, "పండుకో" కొట్టివేసి "పడుకో" అని దిద్దుతారు. వ్యాసంలో ఆ దిద్దుబాటు ఒప్పునేమో గాని, కథలో పాత్ర నోటిమాటను దిద్దడం ఆ తల్లి నోరు మూయడంతో సమానం. పాలమూరు తల్లి పాలమూరు తల్లివలె మాట్లాడవలె. శ్రీకాకుళం రైతు శ్రీకాకుళం రైతువలె మాట్లాడవలె. రాచకొండ విశ్వనాథశాస్త్రి కథలనుండి విశాఖ ప్రాంతపు జనుల పలుకుబడిని తీసివేస్తే ఏమి మిగులుతుంది? కథకుడు తాను చెప్పే భాగాన్ని శిష్టభాషలో నడుపుకోవచ్చును. అది అతని ఇష్టం. పాత్రల మాటమీద అతనికి ఆపాటి అధికారం లేదు. ఈ ఒక్క విషయంలో ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరా కొంచెం పొదుపుగా వాడితే తెలుగు కథకు మేలు చేసినవారవుతారు.

ఫ్లోబేర్ శిష్యుడు 7 సంవత్సరాలు నేర్చుకొంటే, తెలుగునాట ఒక బడిపంతులు గురువు లేకుండ 8 సంవత్సరాలు నేర్చుకొన్నాడు. ఆయన కాళీపట్నం రామారావు. 1924లో శ్రీకాకుళం ప్రాంతంలో జన్మించి, విశాఖపట్టణం సెయింట్ ఆంథోనీ పాఠశాలలో చిరకాలం ఉపాధ్యాయుడుగా పనిచేశారు. 1943 నుండి కథలు వ్రాస్తూ వచ్చారు. అవి అచ్చవుతూనే ఉన్నవి. మరొకరైతే తృప్తిపడి ఉందురు. ఆయనకు తృప్తి కలుగలేదు. మంచి కథ ఎట్లా వ్రాయాలో తనకు ఇంకా తెలియలేదని తోచి, దానిని తెలిసికొనడానికి ఇంచుమించు 8 సంవత్సరాలు వెచ్చించారు. ఆ పిదప 1964లో వ్రాసిన కథ "యజ్ఞం". అది 1966లో "యువ" మాసపత్రికలో వెలువడింది.

అచ్చులో పేరు చూచుకొనవలెనన్న ఆరాటం ఎంత బలమైనదో ఎరిగినవారికి ఆ 8 సంవత్సరాల విలువ తెలుస్తుంది. నేడు వ్రాసిన కథ రేపటికి ఫోనులో నలుగురి కంట పడే కాలం ఇది. ఆ ఆరాటం ఇంకా పెరిగిందే గాని తగ్గలేదు. అయితే ఆ విరామం మంత్రోపాసన వంటిది కాదు. ఆయన ఏమి నేర్చినారో "యజ్ఞం" కథ చదివితే తెలుస్తుంది. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడనే పేదవాడు ఎప్పుడో చేసిన అప్పు. ఊరికి పెద్ద శ్రీరాములునాయుడు, మంచివాడనిపించుకొన్నవాడు. రచ్చలో తగవు విచారణ సుదీర్ఘంగా సాగుతుంది. ఎవరూ దుర్మార్గంగా మాట్లాడరు. ధర్మం మాటలే వినబడతవి. తుదకు అప్పు తీర్చక తప్పదని తేలుతుంది, ముసలివాడు తలవంచుతాడు. అప్పుడు అతని కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను తానే చంపుతాడు.

ఆ ముగింపు సబబా కాదా అని నాటినుండి నేటివరకు వాదప్రతివాదాలు సాగుతూనే ఉన్నవి. వాదం ఎట్లున్నా, నేర్చుకొనగోరేవారు చూడవలసినది మరొకటి. ఆ ఘోరం ఉన్నట్టుండి ఊడిపడదు. ఊరు ఎట్లా మారింది, రోడ్డు వచ్చినప్పుడు ఏమి జరిగింది, కూలికి పోయేవాని రాబడి ఎట్లా తరిగింది, అప్పు ఎట్లా పెరిగింది, ఇదంతా లెక్క తప్పకుండ వచ్చి ఆ చివరి చర్య వద్ద ఆగుతుంది. పాఠకుడు దానిని ఒప్పుకోకపోవచ్చును. ఆకస్మికమని మాత్రం అనలేడు. కారణాలు తెలియని దుఃఖం కథలో కేకగా మిగిలిపోతుంది. అశోక్‌నగర్ యువకుని గూర్చి వ్రాసేవారు సైతం అతని దిగులును వర్ణించడానికి ముందు అతని ఖర్చు లెక్క వేసికొనవలసి ఉంటుంది: గది అద్దె ఎంత, భోజనం ఎంత, ఆ డబ్బు ఎక్కడినుండి వస్తున్నది, ఎవరి చేతినుండి వస్తున్నది, చెల్లెలి పెండ్లి దానివల్ల ఎన్నేళ్లు వాయిదా పడింది. లెక్క అంతా కథలోకి ఎక్కనక్కరలేదు. వ్రాసేవాని మనస్సులో ఉంటే చాలును; వాక్యాలకు దానంతట అదే బరువు వస్తుంది. "యజ్ఞం" పై తరగతుల విద్యార్థులకే తగినది. చిన్న పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. రామారావుగారే కథారచనను గూర్చి "కథాకథనం" అనే పుస్తకం వ్రాశారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి "కథాశిల్పం" కూడ ఉన్నది. దానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. కథ వ్రాయదలచిన ఉపాధ్యాయులకు రెండూ చదువదగినవే, అయితే ముందు నూరు కథలు చదివి ఆ తర్వాత.

చిన్న తరగతులకు తగిన పాఠం గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు". 1910 ఫిబ్రవరిలో "ఆంధ్రభారతి" పత్రికలో వెలువడిన ఈ కథను తొలి ఆధునిక కథానిక అని చిరకాలంగా చెప్పుకొంటున్నాం. అంతకు ముందే, 1902లోనే, భండారు అచ్చమాంబగారు "హిందూసుందరి" పత్రికలో "ధనత్రయోదశి" వంటి కథలు వ్రాసిన సంగతి నేడు పరిశోధకులవల్ల అందరికీ తెలిసింది. ఎవరు తొలివారన్న తగవు అట్లా ఉండగా, "దిద్దుబాటు" కట్టుబడి చూడదగినది. గోపాలరావు చదువుకొన్నవాడు, వేశ్యల పాటకచేరీలకు మరగినవాడు. ఒక రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరి తలుపు తట్టుతాడు. భార్య కమలిని కనిపించదు. ఉత్తరం దొరుకుతుంది. అతడు హడలిపోతాడు. నౌకరు రామునితో మాట్లాడతాడు, మండిపడతాడు, తన్ను తాను నిందించుకొంటాడు. తుదకు మంచం క్రిందినుండి నవ్వు వినబడుతుంది.

ఈ కథ మామూలు పద్ధతిలో మొదలైతే ఎట్లా ఉండేది? "గోపాలరావు అనే విద్యావంతుడు కలడు. అతనికి కమలిని అనే సుగుణవతియైన భార్య కలదు. అతడు చెడు సావాసాలవలన..." ఈ విధంగా పుట నిండేది. గురజాడ ఆ పుటను వ్రాయలేదు. తలుపు వద్దనే మొదలుపెట్టినాడు. ఎందువల్లననగా గోపాలరావు జీవితంలో ఆ రాత్రి ఒక్కటే కథ; అంతకు ముందున్న రాత్రులన్నీ దానికి పునాది. పునాది భూమిలో ఉండవలె.

మరొక విశేషం. పేరులోనే దిద్దుబాటు ఉన్నది. సంఘసంస్కరణ ఉద్దేశమూ ఉన్నది. అయినను చివర కథకుడు ముందుకు వచ్చి "కాబట్టి పురుషులారా" అని ప్రారంభించడు. ఆ నవ్వు వద్ద ఆగిపోతాడు. మన తరగతి గదులలో "ఈ కథలోని నీతి ఏమి?" అన్న ప్రశ్న ఆచారంగా వస్తున్నది. ఈసపు కథలకు, పంచతంత్రానికి అది చెల్లుతుంది. అవి నీతికొరకే పుట్టినవి. కథానికకు ఆ ప్రశ్న వేసి వేసి, విద్యార్థి కథ వ్రాయబోయినప్పుడు ముందుగా నీతిని తలచుకొని దానికి మనుష్యులను తగిలించే అలవాటు చేయించినాము. ఆ ప్రశ్నకు బదులు "కమలిని ఎందుకు నవ్వింది?" అని అడిగి చూడవచ్చును. తరగతిలో ఇరువదిమంది ఇరువది జవాబులు చెబుతారు. గెలిచినందుకు నవ్విందనేవారు, జాలిపడి నవ్విందనేవారు, ఇక దాగి ఉండలేక నవ్విందనేవారు. ఎవరు సరియైనవారని తేల్చవలసిన పని లేదు. ఒక నవ్వులో అంత ఉండవచ్చునని తెలిసిన పిల్లవాడు తన కథలో నవ్వును ఊరకే వాడడు.

చిక్కడపల్లినుండి నారాయణగూడ వైపు నడిస్తే మరొక పెద్దమనిషి స్మృతి ఎదురవుతుంది. అక్కడి బాలికల ఉన్నత పాఠశాల మాడపాటి హనుమంతరావుగారి పేరిట ఉన్నది. 1928లో, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, తెలుగులో బాలికలకు చదువు చెప్పడానికై ఆయన పూనికతో ఆ బడి మొదలైనది. ఆ తర్వాత 1951లో హైదరాబాదు నగరానికి మేయరైన ఆయనను "ఆంధ్ర పితామహు"డని గౌరవంగా పిలుచుకొన్నారు. ఆయన కథకుడన్న సంగతి మాత్రం ఆ బడిలో చదివిన బాలికలలోనే ఎందరికి తెలుసునో! ఆయన కథ "హృదయశల్యము" 1912లో వెలువడింది. ఉర్దూలో ప్రేమ్‌చంద్ వ్రాసిన కథలను తెలుగు చేశారు. "మల్లికాగుచ్ఛము" అనే సంపుటం ప్రకటించారు.

అనువాదం కథ నేర్చే వారికి మంచి సాధన. చదివేటప్పుడు కన్ను వాక్యాలమీద జారిపోతుంది; అనువదించేటప్పుడు జారడానికి వీలు లేదు. ఇక్కడ ఈ మాటే ఎందుకు పడింది, ఈ సంగతి ఇంతవరకు ఎందుకు దాచినాడు, ఇక్కడ సంభాషణ ఎందుకు తెగిపోయింది అని ప్రతి పంక్తికి నిలువవలసి వస్తుంది. నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాల పిల్లలలో ఉర్దూ, హిందీ, మరాఠీ ఇంట్లో మాట్లాడేవారు తక్కువ కారు. వారి అమ్మమ్మలు చెప్పిన ఒక కథను, లేదా ప్రేమ్‌చంద్ చిన్న కథ ఒకదానిని తెలుగులో వ్రాసి తెమ్మంటే, నిఘంటువు కంటె ఎక్కువే నేర్చుకొంటారు. పాతనగరపు జీవితం నెల్లూరి కేశవస్వామి కథలలో ఎంత దగ్గరగా కనిపిస్తుందో "చార్మినార్" సంపుటం చదివినవారికి తెలుసు. ఆ దగ్గరతనం ఆ ఇండ్ల మాటలను, మర్యాదలను ఎరిగినందువల్ల వచ్చింది.

నిడివిని గూర్చి కొద్దిగా. కథను ఒక్క కూర్పులో చదివి ముగించగలగవలెనని, దాని ప్రతి మాటా ఒకే ఫలితానికి తోడ్పడవలెనని అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో 1842లోనే చెప్పినాడు. దీనిని సూత్రంగా వల్లించడం కంటె పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" చదవడం మేలు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికవారి ప్రపంచ కథల పోటీలో 1952లో రెండవ బహుమతి పొందిన కథ అది. నియమనిష్ఠలు గల రావుగారు, రైలులో ముష్టెత్తుకొనే ఒక స్త్రీ, ఒక తుపాను రాత్రి. అంతే. ఆయన జీవితమంతా కట్టుకొన్న నియమాలు కూలడానికి ఒక రాత్రి చాలింది. ఆ నియమాలు ఎట్లా కట్టుకొన్నారో కూడ ఆ రైలు ప్రయాణంలోనే తెలిసిపోతుంది. పిల్లలు కథ వ్రాసేటప్పుడు నాయకుని పుట్టుకనుండి మరణంవరకు రెండు పుటలలో ఈడ్చుకొనిపోతారు. ఒక రాత్రి, ఒక ప్రయాణం, ఒక ఫోను పిలుపు అని కాలాన్ని కట్టుదిట్టం చేస్తే సగం కష్టం తీరుతుంది.

తక్కిన సగం దిద్దుకోవడంలో ఉన్నది. తొలిప్రతి వ్రాసి పదిదినాలు పక్కన పెట్టి మరల చదివితే, సామాన్యంగా మొదటి పుట అక్కరలేదని తెలుస్తుంది. అది రచయిత దారి వెదకుకొన్న పుట. పాఠకునికి దానితో పని లేదు. చివరి పేరా కూడ అట్లే అనుమానింపదగినది. అక్కడ రచయిత తన కథమీద తనకే నమ్మకం చాలక వివరణ వ్రాస్తాడు.

ఇది చాలమట్టుకు పంతుళ్ల చేతిలో పని. కాళీపట్నం రామారావు బడిపంతులు. చిత్తూరు సీమ జీవితాన్ని కథలుగా మలచి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్న మధురాంతకం రాజారాం కూడ బడిపంతులే. సంవత్సరానికి నలుబది యాబది కుటుంబాల బిడ్డలు ఎదుట కూర్చునే వృత్తి ఇది. మనుష్యులను ఒకరినుండి ఒకరిని వేరుచేసి చూడడం హాజరుపట్టీతోనే మొదలవుతుంది. రామారావుగారు తనకు అకాడమీ బహుమతిగా వచ్చిన సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో "కథానిలయం" స్థాపించారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథను, పేరుపొందినదీ పొందనిదీ అనక, సేకరించి భద్రపరచాలని ఆయన సంకల్పం. 2021 జూన్ 4న ఆయన కన్నుమూశారు. ఎవరో ఒక కుర్రవాడు ఏ సంచికలోనో వ్రాసి మరచిన తొలి కథకు సైతం ఆ ఇంటిలో ఒక స్థానం ఉన్నది.

ఒక విద్యార్థి కథ వ్రాసి తెచ్చినప్పుడు ఉపాధ్యాయుడు చేయదగిన పని ఒకటి ఉన్నది. తప్పులు దిద్దడానికి ముందు, పిల్లవాడు తాను చూచి ఎరిగి వ్రాసిన వాక్యాల క్రింద ఒక గీత, విని వ్రాసిన వాక్యాల క్రింద రెండు గీతలు గీయాలి. మొదటిసారి ఒక్క గీత గల వాక్యాలు రెండో మూడో ఉంటవి. "మా బాపు నా ఫీజు కట్టిన రోజు బస్సు ఎక్కక నడిచి పోయిండు" అన్నది అట్టి వాక్యం కావచ్చును. "పేదరికం ఒక శాపం" అన్న వాక్యం క్రింద రెండు గీతలు పడతవి. అప్పుడు ఆ రెండవ వాక్యాన్ని కొట్టివేసి, మొదటి వాక్యంలోని తండ్రి ఏ బస్సుస్టాండునుండి ఏ ఊరికి నడిచినాడో, దారిలో ఎవరు కనిపించారో, వారితో ఏమి అబద్ధం చెప్పినాడో వ్రాసుకొని రమ్మని పుస్తకం తిరిగి ఇవ్వవచ్చును.